లేపనివ్వని బానెట్

నాలుగు నెలలు నిండని కారు నడిరోడ్డు మీద ఆగిపోయిందని తెలిస్తే చుట్టాలు మొదట "ఎవరికన్నా దెబ్బలు తాకినయా" అని అడుగుతారనుకుంటాం. మా వాళ్లు అడిగింది "ఎవలు తోల్తుండ్రు" అని. తోలుతున్నది మా బావ, అంటే మా అక్క భర్త. పక్క సీట్లో కూర్చున్నది నేను. కారు నాది, తప్పు నాది, పేరు పోయింది ఆయనది. ఈ మూడు ముక్కలు నోరు విప్పి చెప్పడానికి నాకు నెలన్నర పట్టింది.

ముందు నా గొప్పతనం గురించి చెప్పాలి. నర్మెట్ట వైపు ఒక ప్రభుత్వ బడిలో సైన్సు చెబుతాను. ఇల్లు జనగామలో. మూఢనమ్మకాల మీద యుద్ధం చేసే సారుగా మండలమంతా నాకు పేరుంది. గ్రహణం పూట బడి మైదానంలో కుర్చీ వేసుకుని, పిల్లలందరూ చూస్తుండగా మిరపకాయ బజ్జీలు తిన్నవాడిని నేను. ఆ బజ్జీల ఫోటో ఇప్పటికీ మా స్టాఫ్‌రూం గోడ మీద ఉంది. పిల్లి ఎదురొస్తే ఆగేవాళ్లను, తుమ్ము వినిపిస్తే కూర్చునేవాళ్లను, గుమ్మానికి గుమ్మడికాయ కట్టేవాళ్లను ఇన్నేళ్లలో నేను అనని మాట లేదు. మా ఇంట్లో ఏదైనా పూజ చేయాలంటే నా భార్య నేను బడికి పోయాకే చేసుకునేది.

కారు మాత్రం శ్రావణమాసంలో కొన్నాను. ఆషాఢంలోనే కొనొచ్చు కదా అని తోటి టీచర్లు అడిగితే, లోను కాగితాలు ఆలస్యమయ్యాయని చెప్పాను. అవి ఆషాఢం రెండో వారంలోనే వచ్చాయన్నది వేరే సంగతి.

షోరూంలో నాకూ నా భార్యకూ మెడల్లో దండలు వేశారు. అట్టతో చేసిన నిలువెత్తు తాళంచెవి చేతికిచ్చి ఫోటో తీశారు. కేకు కోయించారు. అక్కడున్న వాళ్లంతా, టీ ఇచ్చే అమ్మాయితో సహా, వరుసగా నిలబడి చప్పట్లు కొట్టారు. నా పెళ్లికి కూడా అంత మర్యాద జరగలేదు. నా భార్య సంచిలోంచి కొబ్బరికాయ, నాలుగు నిమ్మకాయలు తీసింది. నేను చెయ్యి అడ్డం పెట్టి అక్కడే ఉపన్యాసం మొదలుపెట్టాను. టైరు నిమ్మకాయను తొక్కితే రసం వస్తుందని, బండి క్షేమంగా నడవడానికి బ్రేకులుంటాయని, అవి నిమ్మకాయను అడిగి పనిచేయవని చెప్పాను. సేల్స్ పిల్లలు నవ్వారు. నా భార్య నిమ్మకాయలు తిరిగి సంచిలో వేసుకుంది. "సరే సారూ, పులిహోరకు పనికొస్తయ్" అన్నది. దేవరుప్పులలో ఉండే మా పెద్దమ్మ ఫోన్లో మొత్తుకుంది. "పూజ లేకుంట బండెక్కుతరా కొడకా ఎవలన్నా?" అని. మా వంశంలో మొదటిసారి సొంత కారు కొన్నవాడిని, నాకు ఆ మాటలు వినిపిస్తాయా?

రెండో వారంలోనే వినిపించాయి. పెంబర్తి దాటాక ఒక బస్సు నా అద్దానికి జానెడు దూరంలో కోసుకుంటూ పోయింది. ఇంటికొచ్చి అరగంట సేపు కారులోంచి దిగలేదు. మర్నాడు స్టాఫ్‌రూంలో తోటి టీచరొకాయన మేడారం పోయి మొక్కు తీర్చుకుని వచ్చి బంగారం పంచుతున్నాడు. బంగారం అంటే బెల్లం. వనదేవతలకు సమర్పించే బెల్లాన్ని మా వైపు అట్లాగే అంటారు. నాకిస్తూ, "మీకెందుకులెండి సార్" అన్నాడు. "మా ఆవిడకు ఇస్తాలే" అని తీసుకున్నాను.

ఆవిడకు ఇవ్వలేదు. షోరూం వాళ్లు కారుకు కట్టిన ఎర్రగుడ్డ రిబ్బన్ ఉంటే దాంట్లో ఒక ముక్క కత్తిరించి, బెల్లం పెట్టి, నా భార్య వ్రతం చేసుకున్నప్పటి అక్షింతలు నాలుగు గింజలు కలిపి మూట కట్టాను. ఎవరూ చూడకుండా బానెట్ లేపి బ్యాటరీ వెనక సందులో దోపాను. పెడితే పోయేదేముంది అనుకున్నాను. నెల తర్వాత ఒక బర్రె అడ్డం వచ్చినప్పుడు రెండో మూట పెట్టాను. దసరా ముందు ఎవడో మోటార్ సైకిల్‌తో డోరు గీకిపోయినప్పుడు మూడోది. తొమ్మిదో తరగతికి న్యూటన్ మూడు సూత్రాలు చెబుతున్న రోజుల్లోనే నా బానెట్ కింద మూడు మూటలున్నాయి. నాలుగో దానికి కూడా బెల్లం తెచ్చి పెట్టుకున్నాను, సందులో చోటు చాలలేదు.

ఇంకొక సంగతి కూడా ఉంది. మా ఇంటి ముందు నీడ లేదు. కొత్త కారు రంగు వెలిసిపోతుందని, పక్క వీధిలో ఒక వ్యాపారి వడ్లు, మొక్కజొన్నలు నిల్వచేసే రేకుల షెడ్డులో బతిమాలి చోటు సంపాదించాను. రాత్రిపూట బస్తాల మధ్య, పైన కవరు కప్పుకుని, లోపల బెల్లం, అక్షింతలు పెట్టుకుని నా కారు పడుకునేది. జీవశాస్త్రం కూడా నేనే చెబుతాను మా బడిలో. ఆహారపు గొలుసు పాఠం నాకు నోటికొచ్చు.

ఇక కారులో కూర్చునేవాళ్లకు నా నియమాలు. చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని ఎక్కాలి. సీట్లకు ప్లాస్టిక్ కవర్లు తీయకూడదు. తలుపు మెల్లగా వేయాలి, మెల్లగా వేస్తే పడదు కాబట్టి నేనే దిగొచ్చి వేస్తాను. తినుబండారాలు తేవొద్దు, చీమలు వస్తాయి. ఈ చివరి నియమం గుర్తొస్తే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

మా బావ గురించి చెప్పాలి. ఆయన భూపాలపల్లిలో బొగ్గు గనుల్లో డంపర్ తోలతాడు. దాని టైరే మనిషి కన్నా ఎత్తు. నిచ్చెనెక్కి క్యాబిన్‌లోకి పోవాలి. పెద్ద గుంతలోంచి గుండ్రంగా పైకి వచ్చే మట్టిరోడ్డు మీద, ఒకవైపు లోయ, ఇంకొకవైపు ఎదురుబండ్లు. ముప్పై ఏళ్లు అందులో తోలి ఒక్క గీత పడనివ్వలేదు. ఈ మాట ఆయన చెప్పుకోడు, మా అక్క చెబుతుంది. ఆయన మాట్లాడేదే తక్కువ. వచ్చే వేసవిలో రిటైర్మెంటు. ఇంట్లో కూర్చోవాలంటేనే ఆయనకు భయం. "స్టీరింగు లేకుంటే చేతులు ఏడ పెట్టుకోవాల్నో తెల్వదు బామ్మర్ది" అనేవాడు. అదృష్టం కొద్దీ మానుకోటలో, అదే మహబూబాబాద్‌లో, మా పెద్దమ్మ కొడుకు బడి బస్సులు నడుపుతున్నాడు. కొత్త బస్సు కొంటున్నానని, "అది నీ చేతికే ఇస్త బావా, నువ్వు తోల్తే నేను పొద్దుమాపు నిమ్మలంగ ఉంట" అని మాటిచ్చాడు. ఆ మాట వచ్చిన రోజు మా బావ నాకు ఫోన్ చేసి రెండు నిమిషాలు మాట్లాడాడు. మా అక్క పెళ్లయిన తర్వాత ఆయన నాతో చేసిన అతి పొడుగు సంభాషణ అదే.

పెద్దమ్మ మనవరాలికి చెవులు కుట్టిస్తున్నారంటే దేవరుప్పులకు బయల్దేరాం. ముందు రోజే అక్కాబావా భూపాలపల్లి నుంచి జనగామ వచ్చారు. పొద్దున కారు తీస్తుంటే బావ కాసేపు చుట్టూ తిరిగి, సిగ్గుపడుతూ, "జర నేను తోల్తనా?" అన్నాడు. అరవై ఏళ్లకు దగ్గరపడుతున్న మనిషి, చిన్నపిల్లవాడు ఐస్‌క్రీం అడిగినట్టు అడిగాడు. కాదనలేక తాళం ఇచ్చాను. ఊరికే ఇచ్చానా? క్లచ్ ఎంత నొక్కాలి, గేరు ఎప్పుడు మార్చాలి, హారన్ ఎందుకు తక్కువ కొట్టాలి అని, ముప్పై ఏళ్ల డ్రైవరుకు నాలుగు నెలల డ్రైవరు పాఠం చెప్పాడు. బావ చివరిదాకా విని, "సరే సారూ" అని చెప్పులు విప్పి ఎక్కాడు.

నిజం చెప్పాలంటే ఆ కారు అంత హాయిగా నడవడం నేను అంతకు ముందు చూడలేదు. నేను తోలితే వెనక కూర్చున్న నా భార్య ముందు సీటు పట్టుకుని కూర్చునేది. ఆరోజు మా అక్క నిద్రపోయింది. రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోశారు, అటూ ఇటూ రాళ్లు పెట్టారు. బావ ఒక్క గింజ మీద టైరు ఎక్కకుండా పోతున్నాడు. నేను మాత్రం పక్కన లేని బ్రేకు తొక్కుతూ, "మెల్లగ బావా, మెల్లగ" అంటూనే ఉన్నాను.

దేవరుప్పుల ఇంకా కొంచెం దూరముందనగా, డ్యాష్‌బోర్డు మీది దీపాలన్నీ ఒక్కసారి వెలిగి, ఇంజిన్ చప్పుడు ఆగిపోయింది. వెనక వడ్ల లోడుతో లారీ వస్తోంది. స్టీరింగు బిగుసుకుపోతుందట అట్లాంటప్పుడు. బావ రెండు చేతులతో తిప్పి, వడ్లకూ చెట్టుకూ మధ్య ఉన్న ఖాళీలోకి బండిని తెచ్చి ఆపాడు. లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది. మా అక్కకు మెలకువ కూడా రాలేదు. మేం నలుగురం ఇవాళ ఉన్నామంటే ఆ తిప్పుడు వల్లే. కానీ ఆ క్షణంలో నా నోటి నుంచి వచ్చిన మాట, "ఏం జేసినవ్ బావా?"

ఆయన దిగి చెవి ఒగ్గి విన్నాడు. "ఇంజిన్ పోలె బామ్మర్ది. గది ఆగిన తీరు సూస్తే వైరు సంగతి లెక్కున్నది. కరెంటు కట్టయింది. బానెట్ లేపు, జర సూస్త" అన్నాడు.

ముందుకు చెయ్యి చాచాడు. నేను పరుగెత్తి బానెట్ మీద రెండు చేతులూ పెట్టి నిలబడ్డాను. కింద మూడు ఎర్రమూటలు ఉన్నాయి. లేపితే నా భార్య చూస్తుంది, అక్క చూస్తుంది, ఎదురుగా ఆరబోసిన వడ్లు తిరగేస్తూ నెరుపుతున్న రైతు నా పాత విద్యార్థి తండ్రి, ఆయన చూస్తాడు. మర్నాటికి బజ్జీల ఫోటో పక్కన మూటల ఫోటో కూడా వస్తుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అడగకముందే అరవడం మొదలుపెట్టాను.

"ముట్టకు బావా! ముడితే వారంటీ పోతది! కంపెనోడే చూడాలె!"

"సూసుడే గద బామ్మర్ది, ముట్ట."

"చూసినా పోతది!"

చూస్తే వారంటీ పోతుందన్న మాట చెప్పింది సైన్సు సారు. నా భార్య దిగొచ్చి, "అన్నయ్యకు తెలుస్తది గద, సూడనియ్యరాదు" అన్నది. వడ్లు నెరిపే రైతు పార మీద చెయ్యి పెట్టుకుని చోద్యం చూస్తున్నాడు. "ఏం సారూ, దవాఖానకు పోయి అంగీ ఇప్పనన్నట్టున్నది మీ కత" అన్నాడు. బావ చెయ్యి వెనక్కి తీసుకుని లుంగీకి తుడుచుకున్నాడు. అప్పుడు లేపనిచ్చి ఉంటే రెండు నిమిషాల్లో ఆయన మాట నిజమని తేలేది.

రోడ్డు మీద సహాయం చేస్తామన్న నంబరుకు ఫోన్ చేశాను. హిందీకి ఒకటి, ఇంగ్లిషుకు రెండు. చాలాసేపు పాట వినిపించి, ఒకమ్మాయి వచ్చి దగ్గర్లో ఏదైనా గుర్తు చెప్పమంది. పత్తిచేను అన్నాను. ఏ పత్తిచేను సార్ అంది. జనగామ జిల్లాలో నిలబడి పత్తిచేనుకు ఆనవాలు ఎట్లా చెప్పాలో నాకు తెలియలేదు. బండి రేపు వస్తుందంది. చివరికి ఆ రైతే తన ట్రాక్టరుకు మోకు కట్టి మమ్మల్ని దేవరుప్పుల దాకా గుంజుకెళ్లాడు. ప్లాస్టిక్ కవర్లు తీయని కారు, మట్టి కొట్టుకున్న పాత ట్రాక్టరు వెనక, డప్పు మోగుతున్న ఇంటి ముందు ఆగింది. చెవులు కుట్టించుకుంటున్న పిల్ల ఏడుపు ఆపి మమ్మల్ని చూసింది.

పెద్దమ్మ అడిగింది. "ఎవలు తోలిర్రు కొడకా?"

"బావనే" అన్నాను. అంతటితో ఆగినా సరిపోయేది. చుట్టూ ఇరవై మంది చుట్టాలు, అందరి కళ్లూ నామీదే. బానెట్ వైపు ఎవరి చూపూ పోకూడదు. నవ్వుతూ అన్నాను: "డంపర్ తోలిన చెయ్యి గద పెద్దమ్మా, చిన్న బండికి జర తేలిక చెయ్యి గావాలె."

అందరూ నవ్వారు. మంచి మాట అన్నానని నాకూ అనిపించింది. బావ అప్పుడు తొట్టి దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాడు. చెంబు ఒక్క క్షణం ఆగింది. మళ్లీ నీళ్లు పోసుకున్నాడు.

మర్నాడు కంపెనీ బండి వచ్చి కారును ఎత్తుకుపోయింది. నాలుగో రోజు హనుమకొండ దగ్గరి సర్వీస్ సెంటర్ నుంచి పిలుపొచ్చింది. కారు కొన్నప్పుడు దండలు వేసినవాళ్లు ఈసారి మంచినీళ్లు కూడా అడగలేదు. పొద్దంతా ఒక చల్లటి గదిలో, నా కారే ఎక్కి కొండలెక్కుతున్న కుటుంబం బొమ్మ ఎదురుగా కూర్చోబెట్టారు. అప్పుడు సూపర్‌వైజర్ వచ్చి పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, ఫోన్లో ఫోటోలు చూపించాడు. బ్యాటరీ వెనక పీచు, ఊక, దూది కలిపి కట్టిన ఎలుకల గూడు. గూట్లో మూడు ఎర్రగుడ్డలు, చీలికలు పేలికలుగా. ఒకదాంట్లో ఇంకా గోళీకాయంత బెల్లం, దానిమీద పళ్ల గాట్లు. పక్కనే నమిలేసిన వైర్ల కట్ట. బెల్లం అయిపోయాక అవి వైర్లకు వచ్చినట్టున్నాయి. ఆఖరి పోగు ఆరోజు కుదుపుకు తెగింది. ఇంజిన్‌కు ఏమీ కాలేదు. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటారే, అది నా విషయంలో అక్షరాలా జరిగింది.

"ఎలుకలు కొరికితే వారంటీ రాదు సార్" అన్నాడు. తర్వాత మర్యాదగా, "ఈ మూటలు మీరు పెట్టినయేనా?"

"మా ఇంట్లో ఆడవాళ్లు" అన్నాను. తడుముకోలేదు కూడా.

"అందరు గట్లనే అంటరు సార్" అని ఒక కవర్లో వేసి ఇచ్చాడు.

ఇంటికొచ్చి నా భార్యకు వైరు తెగిందని మాత్రం చెప్పాను. ఎందుకు తెగిందో చెప్పలేదు. తేలు కుట్టిన దొంగలాగా ఉన్నాను. అప్పటికే నా చమత్కారం కాళ్లొచ్చి నడుస్తోంది. చుట్టాల ఫోన్ గ్రూపులో ఎవరో ట్రాక్టరు వెనక కారు ఫోటో పెట్టారు. కింద నవ్వు ముఖాలు. "డంపర్ చెయ్యి" అని ఒకరు రాశారు. రెండు వారాల్లో అది మా బావకు పేరైపోయింది. "డంపర్ చెయ్యి వస్తున్నడా పెండ్లికి?" అని అడుగుతున్నారు. నేను రోజూ ఆ గ్రూపు చూస్తూనే ఉన్నాను. ఒక్క ముక్క రాయలేదు. ఆ వారమే మండల సైన్స్ ఫేర్‌లో న్యాయనిర్ణేతగా కూర్చుని, దిష్టిబొమ్మలు మూఢనమ్మకమని ప్రాజెక్టు చేసిన పిల్లలకు మొదటి బహుమతి ఇచ్చి వచ్చాను.

తర్వాత అక్క ఫోన్ చేసింది. బస్సు మా బావకు ఇవ్వడం లేదట. పెద్దమ్మ కొడుకు సూటిగా ఏమీ అనలేదు. "ఇంక సూద్దాం బావా, నీకు గూడ రెస్టు గావాలె గదా" అన్నాడట. అక్క ఏడవలేదు, నన్ను తిట్టనూలేదు. "ఆయన దినాము డ్యూటీల కూడ మెల్లగ పోతుండట తమ్మీ. ఎనక బండ్లోళ్లు హారన్ కొడ్తుండ్రట. ముప్పై ఏండ్లల ఎన్నడు లేదు" అన్నది. ఫోన్ పెట్టేశాక నామీద నాకే అసహ్యం వేసింది.

ఆదివారం భూపాలపల్లి పోయాను. క్వార్టర్ ముందు అరుగు మీద బావ కూర్చుని ఉన్నాడు. కారును చూసి లేచాడు గానీ దగ్గరికి రాలేదు. కవర్లోని గుడ్డపేలికలు తీసి ఆయన ముందు పెట్టి మొత్తం చెప్పాను. బస్సు కోసుకుపోవడం దగ్గర్నుంచి బానెట్ మీద చేతులు పెట్టడం దాకా. ఎందుకు లేపనివ్వలేదో కూడా చెప్పాను. తిడతాడని, కొట్టినా బాగుండునని అనుకున్నాను.

ఆయన అడిగింది ఒక్కటే. "ఏ వైరు తెగింది?"

చెప్పాను. తలాడించాడు. చేతుల వైపు చూసుకున్నాడు.

"గట్లయితే నా క్లచ్చి తప్పు పడలె" అన్నాడు. "నెల దినాలు బట్టి యాది చేసుకుంటున్న బామ్మర్ది. ఏ గేర్ల ఉన్న, ఎంత తొక్కిన అని. నా చెయ్యి మీద నాకే అనుమానమొచ్చె."

ఇన్నాళ్లూ ఆయన నామీద కోపంతో ఉన్నాడని అనుకున్నాను. ఆయన నా మాట నమ్మాడని నాకు తట్టనే లేదు. నేను చదువుకున్న సారును, నేను అంటే ఏదో ఉంటుందని అనుకున్నాడు. మా అక్క లోపల్నుంచి టీ తెచ్చి నా చేతికివ్వకుండా అరుగు మీద పెట్టి పోయింది.

బావ, "మానుకోటల అందరి ముంగట చెప్తవా?" అన్నాడు. అడగడానికి ఆయనకెంత కష్టమైందో నాకు తెలుసు. "చెప్తా" అన్నాను.

పెద్దమ్మ కొడుకు మానుకోటలో కొత్త ఇంటి గృహప్రవేశం పెట్టుకున్నాడు. చుట్టాలంతా వస్తారు. బస్సు కూడా ఇంటి ముందే ఉంటుంది, ఇంకా ఏ డ్రైవరునూ పెట్టుకోలేదని కనుక్కున్నాను. ఈసారి నేను ఉపన్యాసం తయారుచేసుకోలేదు. భోజనాల పందిట్లో అందరూ కూర్చున్నాక లేచి నిలబడి, డంపర్ చెయ్యి అన్నది నా నోటి దూలని, కారు ఆగింది బావ వల్ల కాదని, నేనే భయపడి బెల్లం మూటలు పెట్టానని, ఎలుకలు వచ్చి వైర్లు కొరికాయని, బావ అక్కడే పట్టేశాడని, నేనే బానెట్ లేపనివ్వలేదని చెప్పాను. ఒక్క మాట దాచకుండా చెప్పాను.

పందిట్లో నవ్వులు మొదలయ్యాయి.

"సారు బెల్లం పెట్టిండట!" అన్నాడొకాయన. "గ్రహణం నాడు బజ్జీలు తిన్న మనిషి! చెప్తే నమ్మేటట్టుండాలె సారూ."

"నిజంగ పెట్టిన. ఒకటి గాదు, మూడు."

"మూడట!" ఇంకా గట్టిగా నవ్వారు.

కవరు తెచ్చి గుడ్డపేలికలు చూపించాను. "ఏడికెళ్లి తెచ్చినవయ్యా గివి? చదువుకున్నోడు సాక్ష్యాలు గూడ తయారు జేస్తడు" అన్నారు. షోరూంలో నేను నిమ్మకాయలు ఆపిన కథ ఒకరు చెప్పారు, చిన్నప్పుడు దేవుడి పటం ముందు వాదించిన కథ ఇంకొకరు చెప్పారు. నా భార్యను అడిగారు, ఆవిడ కూడా నిజంగానే తెలియదంది. ఆవిడకు నేనెప్పుడు చెప్పాను కనుక? ఇన్నేళ్లు కష్టపడి కట్టుకున్న నా పేరు ఎంత గట్టిదో నాకు ఆరోజే తెలిసింది. నేనే పగలగొడదామన్నా పగలడం లేదు.

పెద్దమ్మ లేచి వచ్చి నా తల నిమిరింది. "అక్క మొగని మీద మాట రానియ్యొద్దని అందరి ముంగట పరువు తీసుకుంటుండు నా కొడుకు. అసొంటి బామ్మర్ది దొరకాల్నంటే పుణ్యం జేసుకోవాలె అల్లుడా" అని బావ వైపు తిరిగి అన్నది. అందరూ బావను చూశారు. ఆయన విస్తరి ముందు తల దించుకుని ఉన్నాడు.

పెద్దమ్మ కొడుకును పక్కకు తీసుకెళ్లి బతిమాలాను. వాడు నా భుజం మీద చెయ్యి వేశాడు. "అన్నా, నీ మంచితనం నాకు తెల్వదా. నీ బాధ నాకర్థమైంది. గానీ బస్సుల చిన్న పిల్లలుంటరు. రేపు ఏమన్న అయితే అడుగుతరు గదా, తెలిసి తెలిసి ఎందుకిచ్చినవని" అన్నాడు. ప్రమాణం చేస్తానన్నాను. "నువ్వు ప్రమాణాలు నమ్మవు గదన్నా" అని నవ్వాడు.

తిరుగు ప్రయాణంలో, అందరూ చూస్తుండగా తాళంచెవి బావ చేతిలో పెట్టాను. ఆయన దాన్ని తిరిగి నా అరచేతిలోనే పెట్టి, వెనక తలుపు తీసుకుని అక్క పక్కన కూర్చున్నాడు. చెప్పులు విప్పి చేతిలో పట్టుకున్నాడు. వద్దు బావా, తొడుక్కో అన్నాను. విననట్టే ఉన్నాడు.

మానుకోట దాటాక నేను మళ్లీ మొదలుపెట్టాను. ఊరుకోనని, పెద్దమ్మ ఇంటికి పోయి కూర్చుని చెబుతానని, ఫోన్ గ్రూపులో ఫోటోలతో సహా పెడతానని, సర్వీస్ సెంటర్ వాళ్లతో కాగితం రాయిస్తానని అంటున్నాను. అద్దంలో చూస్తే బావ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. అక్క ముందుకు వంగి నా భుజం తట్టింది.

"తమ్మీ, నీకు దండం పెడ్త, ఇగ ఎవలకు చెప్పకు" అన్నది. "నువ్వు చెప్పినకొద్ది నువ్వు మంచోనివైతున్నవ్. ఈయన తప్పు చేసినోడైతుండు."